మా అమ్మ ఎవరికీ భయపడదు

మా జిల్లాలో పిల్లలు సగం వాక్యాలే రాస్తున్నారన్న సంగతి పోయిన వేసవిలో బయటపడింది. పైనుంచి ఒక బృందం వచ్చి బడులన్నీ తిరిగి, "పొద్దున ఏం తిన్నావు?" అని అడిగి పలక మీద జవాబు రాయించింది. పిల్లలందరూ "ఇడ్లీ" అనో "ఉప్మా" అనో రాసి ఊరుకున్నారు. "నేను ఈ ఉదయం ఇడ్లీ తిన్నాను" అని రాసినవాడు ఒక్కడే ఉన్నాడట. వాడు ఆ పొద్దున ఏమీ తినలేదట. అధికారులు చాలా బాధపడ్డారు. వాడు తినకపోయినందుకు కాదు, మిగతావాళ్ళు వాక్యం పూర్తి చెయ్యనందుకు.

ఆ బాధలోంచి సంపూర్ణ వాక్య మిషన్ పుట్టింది. ప్రాథమిక పాఠశాలలో ప్రతి పిల్లా వారం వారం ఒక పూర్తి వాక్యం రాయాలి. టీచరు దాన్ని "సంపూర్ణ" అనే యాప్‌లోకి ఎక్కించాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే మా జిల్లా లక్ష్యాన్ని దాటేసింది. అంత తొందరగా ఎట్టా దాటిందో చూడ్డానికి ఆడిట్ వచ్చింది. ఒక ఊళ్ళో బడి బడంతా "మా ఊరి పక్కన నది ప్రవహించుచున్నది" అని రాసింది. ఆ ఊరికి మంచినీళ్ళు ట్యాంకర్లో వస్తాయి.

అప్పుడు రెండో ఉత్తర్వు వచ్చింది. తల్లుల మీటింగులో మా బడి హైమావతి టీచరు లేచి నిలబడి దాన్ని చదివింది.

"వాక్యము సంపూర్ణమగుట యనగా, అందు పేర్కొనబడిన విషయము వాస్తవముగా ఉన్నట్లు ఛాయాచిత్రము ద్వారా నిరూపింపబడుట. అట్లు నిరూపింపబడని వాక్యమును అసంపూర్ణ వాక్యముగా పరిగణించి, దానిని వ్రాసిన వారిని సంపూర్తి శిబిరమునకు పంపవలెను."

"అంటే ఏంది టీచర్?" అంది మా పక్కింటి నాగూర్‌బీ.

"పిల్లలు ఏం రాస్తే అది జరిగినట్టు ఫోటో పెట్టాలమ్మా."

"మావాడు నిజం చెప్పేదే పండక్కో పబ్బానికో. వాడు రాసిందానికల్లా నేను ఫోటోలు ఎక్కడ తెచ్చేది?"

"నిజాలే రాయించండి మరి."

"అది మీరు బడిలో నేర్పాల్సింది కదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. శిబిరం అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి.

నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు సలోమి. తొమ్మిది దాకా చదివాను. ఇంటి దగ్గర చీరలకు ఫాల్సు కుడతాను. మా ఆయన దానియేలు గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ మీద చేస్తాడు. మాకు ఒక్కతే బిడ్డ, కెజియా, మూడో తరగతి. నేను జాగ్రత్త మనిషిని. మా ఆయన దానికి వేరే పేరు పెట్టాడు. బడి నుంచి ఫోన్ వస్తే ముందు చెప్పులు తొడుక్కుని తర్వాత ఎత్తుతాను. కుక్కర్ మూడో కూతకి ఆలస్యమైతే బిడ్డను పట్టుకుని వీధిలోకొస్తాను. వీధిలో మేక అడ్డంగా నిలబడితే అది పోయిందాకా ఆగుతాను. మేకలు మంచివేనంటారు, కాని ఈ మేక గురించి నాకు ఎవరు హామీ ఇచ్చారు?

ఫోటో అంటే మరీను. తీసేవాడు రెడీ అనగానే నా కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. మా పెళ్ళి ఆల్బంలో ఒక్కదాంట్లో కూడా నేను కళ్ళు తెరిచి లేను. చూసినవాళ్ళంతా ప్రార్థనలో ఉన్నాననుకుంటారు. పాస్టరు గారైతే మెచ్చుకున్నారు కూడా.

సరే, మిషన్ మొదలైంది. నాగూర్‌బీ కొడుకు "మా దాదీ రోట్లో పిండి రుబ్బింది" అని రాసుకొచ్చాడు. ఆ ముసలామెకు మోకాళ్ళు వంగి ఎన్నేళ్ళయిందో. రుబ్బురోలేమో పెరట్లో తలకిందులుగా పడి ఉంది, దాని మీద కోళ్ళ గంప. కోళ్ళను తోలి, రోలు తిప్పి, ఆమెను అటొకరు ఇటొకరు పట్టుకుని కూచోబెట్టారు. టీచరు ఫోటో తీసింది. "పిండి కనబడుట లేదు" అని యాప్ తిప్పి పంపింది. అప్పుడు పప్పు నానబోశారు. నానిందాకా ఆమె అట్టానే కూచుంది, మళ్ళీ లేపితే కూచోలేదని.

ఇంకో పిల్ల "మా మేనమామ సూరత్ నుంచి వచ్చాడు" అని రాసింది. నిజమే, వచ్చాడు, పోయాడు కూడా. మళ్ళీ రమ్మంటే సెలవు లేదన్నాడు. "పిల్ల బతుకురా" అని వాళ్ళక్క ఫోన్లో ఏడిస్తే రైలెక్కి వచ్చి, బడి గేటు ముందు సంచీతో నిలబడి ఫోటో దిగి, కాఫీ కూడా తాగకుండా వెనక్కి పోయాడు.

దాంతో పిల్లలకు తెలివొచ్చింది. ఒకడు "గోడ ఉంది" అని రాశాడు. గోడ ఉంది. ఫోటో తీశారు. తీసీ తియ్యకముందే యాప్‌లో పచ్చచుక్క పడింది. మర్నాడు బడంతా "గోడ ఉంది" అని రాసింది. ఆ దెబ్బకు మా బడి మండలంలో ప్రథమ స్థానానికి వచ్చింది. మండల వాక్యాధికారి రంగశాయి గారు స్వయంగా విచ్చేశారు. గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇంతటి వనరును ఇన్నాళ్ళూ మనం వినియోగించుకోలేకపోయాం" అన్నారు. ఆప్యాయంగా తట్టారు. పెచ్చు ఊడింది. దాన్ని ఆయన తీసి జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టారు.

చుట్టుపక్కల మండలాలవాళ్ళు వచ్చి మా పద్ధతి నేర్చుకుని పోయారు. చివరికి జిల్లాలో పిల్లలకు గోడ తప్ప ఇంకేమీ తెలియదేమోనని పైవాళ్ళకు అనుమానం వచ్చి గోడను నిషేధించారు. "గోడ, గోడను పోలిన ఇతర కదలని నిర్మాణములు" అని స్పష్టంగా ఉంది ఉత్తర్వులో.

అప్పుడు ఒక పిల్లాడు "మా ఇంట్లో ఏనుగు లేదు" అని రాశాడు.

లేనిదాన్ని ఎట్టా ఫోటో తియ్యాలో టీచరుకు తెలియలేదు. రంగశాయి గారికీ తెలియక పైకి రాస్తే వివరణ వచ్చింది. "ఇంటి యందలి అన్ని గదులు, స్నానపు గది మరియు అటక సహా, ఏనుగు లేనట్లు వేర్వేరుగా చిత్రించి, అటవీ సిబ్బంది ధ్రువీకరణ జతపరచవలెను." అడవులవాళ్ళ తాలూకు ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. మంచం కింద వంగి చూశాడు. అటకెక్కి చూశాడు. దిగి, "ప్రస్తుతానికి లేదు" అని రాసిచ్చాడు.

ఆ "ప్రస్తుతానికి" చదివిన దగ్గర్నుంచి నేను మా అటక కూడా చూసుకుంటూ ఉన్నాను.

ఇట్టా నడుస్తుండగా అమ్మ వారం వచ్చింది. పిల్లలందరూ అమ్మ గురించి ఒక వాక్యం రాయాలి. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. చెప్పులు తొడుక్కున్నాను. ఫోన్ ఎత్తకుండానే బడికి పరిగెత్తాను.

"కెజియాకేమీ కాలేదు, ముందు కూచోమ్మా" అంది హైమావతి టీచరు.

"ఏమీ కాలేదని ముందే అంటున్నారంటే ఏదో అయ్యే ఉంటుంది."

"అయింది వాక్యానికి" అని ఫోన్ నా ముందు పెట్టింది.

"మా అమ్మ ఎవరికీ భయపడదు" అని ఉంది. పక్కన ఎర్రచుక్క.

"పాపం, ఎవరి అమ్మ టీచర్?" అన్నాను.

"నువ్వే."

నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. టీచరు మెల్లగా చెప్పుకొచ్చింది. నెలాఖరులోగా చుక్క పచ్చగా మారకపోతే కెజియాను సంపూర్తి శిబిరానికి పంపాలి. శిబిరమంటే జిల్లా కేంద్రంలో హాస్టలు. వాక్యం పూర్తయ్యేదాకా పిల్ల అక్కడే.

"పొద్దున్నే దానికి జడలెవరు వేస్తారు టీచర్?"

"జడల గురించి ఉత్తర్వులో ఏమీ లేదమ్మా."

"అన్నం కలిపి పెట్టందే తినదు."

"అదీ లేదు."

"ఆ వాక్యం కొట్టెయ్యండి. మీకు దండం పెడతాను. 'మా అమ్మ ఫాల్సు కుడుతుంది' అని రాద్దాం. ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని దిగుతాను."

"కొట్టెయ్యటానికి చూశానమ్మా. కొట్టెయ్యాలంటే అసలు ఆ వాక్యం రాయనే లేదని నిరూపించాలట. రాయనట్టు ఫోటో అడుగుతోంది."

దారి పొడుగునా కెజియా చెయ్యి వదల్లేదు నేను. ఇంటికొచ్చాక మా ఆయనకు చెప్పాను. ఆయన నీళ్ళు తాగుతూ విన్నాడు. "ఎవరికీ భయపడదా? ఎవరూ, మీ అమ్మేనా?" అని నవ్వబోతే పొలమారింది. వీపు మీద చరుస్తూ, ఊపిరాడక పోతాడేమోనని నేను ప్రభువా ప్రభువా అని అరుస్తుంటే, "ఇదిగో, ఈమేనా!" అని మళ్ళీ నవ్వాడు.

"ఎందుకట్టా రాశావే?" అని అడిగాను కెజియాను. "నా సంగతి నీకు తెలీదా?"

"తెలుసు" అంది అది, రిబ్బను విప్పుకుంటూ. "నువ్వు వండుతావని రాస్తే నిన్ను పిలిచి వండుతున్నట్టు ఫోటో తీస్తారు. కుడతావని రాస్తే కుడతన్నట్టు తీస్తారు. నీకు ఫోటో అంటే భయం కదా. అందుకని ఫోటో తియ్యటానికి కుదరనిది ఆలోచించి రాశా."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. ఫోటో భయం నుంచి నన్ను తప్పించాలని నా బిడ్డ నాకు భయమే లేదని రాసింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. దగ్గరికి తీసుకుని రిబ్బను మళ్ళీ కట్టాను. అప్పుడు విప్పింది పడుకోవటానికని కూడా గుర్తు రాలేదు.

రెండు రోజులకు రంగశాయి గారు బడికి వచ్చి నన్ను పిలిపించారు. ఆయన మెత్తటి మనిషి. మాటలే గట్టివి.

"చూడమ్మా, వాక్యంలో 'ఎవరికీ' అని ఉన్నది. అంటే యావన్మందికీ అని భావం. యావన్మందినీ తీసుకురావటం పరిపాలనాపరంగా సాధ్యం కాదు. కాబట్టి అందరూ భయపడే వ్యక్తిని ఒకరిని నీ ముందు నిలబెడతాం. అతనికి నువ్వు భయపడకపోతే మిగిలిన ప్రజానీకం అందులో ఇమిడిపోతుంది."

గది తలుపు తెరుచుకుని ఒక కానిస్టేబుల్ లోపలికి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాను.

"ఏమ్మా, భయమేస్తోందా?" అన్నాడతను.

"వేస్తోంది సార్."

"ఎందుకు? నేనేమీ అనలేదు కదా?"

"అందుకే సార్. ఏమంటారోనని."

"నేను ఏమీ అనను."

"మరి ఊరికే ఎందుకొచ్చారు సార్?"

అతను రంగశాయి గారి వైపు చూశాడు. కానిస్టేబుల్ కాసేపు నవ్వు మొహం పెట్టి నిలబడ్డాడు. పోలీసు నవ్వుతూ నిలబడితే నాకు వణుకు ఎక్కువైంది. అతన్ని పంపించేశారు.

"సరే, నేనే నిలబడతాను" అన్నారు రంగశాయి గారు పెద్ద మనసు చేసుకుని. "నన్ను చూస్తే ఎవరికైనా చనువే. టీచర్, తియ్యండి."

హైమావతి టీచరు ఫోన్ ఎత్తి, మళ్ళీ దించింది. "సార్, ఫోటో కింద 'ఈమె రంగశాయి గారికి భయపడదు' అని పడుతుంది. మండలంలో టీచర్లందరి ఫోన్లకూ వెళుతుంది."

ఆయన నా పక్కనుంచి ఒకడుగు జరిగారు. "రేపు నేను తనిఖీకి వెళితే ఎవరైనా లేచి నిలబడతారా?"

"ఇప్పుడే సగం మంది నిలబడట్లేదు సార్."

"అయితే భయపడుతుందని రాసి పంపండి సార్" అన్నాను. "నిజం కూడా అదే. వాక్యం తప్పని తేలిపోతుంది, నా బిడ్డను వదిలెయ్యండి."

"అయ్యయ్యో, ఎంత మాట! ప్రజలు అధికారులకు భయపడరాదని ఈ ఏడాది చేరువ పథకం నడుస్తోంది. నాకు నువ్వు భయపడుతున్నట్టు నేనే సంతకం చేస్తే నాకు మెమో వస్తుంది."

"అంటే సార్, నేను మీకు భయపడకూడదు. భయపడకుండా కూడా ఉండకూడదు."

"చాలా చక్కగా గ్రహించావమ్మా. విధానం అదే."

విషయం జిల్లాకు వెళ్ళింది. జిల్లా సంయుక్త వాక్యాధికారి త్రివిక్రమరావు గారు దాన్ని లోతుగా పరిశీలించి ఒక పరిష్కారం కనిపెట్టారని రంగశాయి గారే వచ్చి చెప్పారు. "ఒక్క అధికారికి భయపడకపోతే అది ఆ అధికారికి అవమానం. అధికారులందరికీ ఒకేసారి భయపడకపోతే అది సుపరిపాలన" అన్నారట ఆయన. కాబట్టి నెలాఖరు రోజున సంబంధిత అధికారులందరూ బడికి వచ్చి నాతో సామూహికంగా ఫోటో దిగుతారు. ఎవరికి ఎంత భయపడకూడదో హోదాను బట్టి నిర్ణయించారు. చిన్న హోదావాళ్ళు నాకు దగ్గరగా, పెద్ద హోదావాళ్ళు దూరంగా నిలబడాలి.

నాగూర్‌బీ నాకు ధైర్యం నేర్పుతానని వచ్చి కూచుంది.

"అక్కా, రేషన్ షాపులో తూకం తగ్గించి పోశాడనుకో, ఏం చేస్తావ్?"

"తెచ్చుకుంటాను."

"బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వలేదు. అప్పుడు?"

"దిగిపోతాను."

"నీ చీరే ఎవరో కట్టుకుని నీ ముందు నుంచే పోతోంది."

"బాగుందంటాను."

నాగూర్‌బీ లేచింది. "నీకు బిడ్డను ఎవరిచ్చారక్కా?" అని తల కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

నెలాఖరు రోజు మా ఆయన సెలవడిగితే ఫ్యాక్టరీలో ఇవ్వలేదు. నేనూ కెజియా వెళ్ళాం. బడి గేటు ముందు పసుప్పచ్చ బస్సు ఆగి ఉంది. సంపూర్తి శిబిరం అని అట్ట కట్టి ఉంది. కెజియా బట్టలు ఒక సంచిలో సర్దుకుని రమ్మన్నారు, పద్ధతి ప్రకారం. సర్దాను. దువ్వెనా రిబ్బన్లూ పైనే పెట్టాను, కనబడేట్టు.

బడి ఆవరణలో నాకొక కుర్చీ వేశారు. నా పక్కనే రంగశాయి గారు, ఆయన తర్వాత శిబిరం వార్డెను గారు, ఇంకా అవతలగా మెడలో కార్డు వేలాడుతూ త్రివిక్రమరావు గారు. హైమావతి టీచరు ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడింది.

"రెడీ" అంది.

నా కళ్ళు మూసుకుపోయాయి.

యాప్ చదివింది టీచరు. "కనులు మూసియున్నందున భయముగా పరిగణించి తిరస్కరించడమైనది."

మళ్ళీ తీసింది. మళ్ళీ మూసుకుపోయాయి. రంగశాయి గారు నాకు ఇటు చూడమ్మా అని చెయ్యి చూపించారు. వార్డెను గారు చిటికెలేశారు. త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, దయచేసి కళ్ళు తెరవండి. ఇది ఆదేశం కాదు. విజ్ఞప్తి."

అంతటివాడు విజ్ఞప్తి చేస్తున్నాడంటే లోపల ఏదో పెద్దదే దాచాడనిపించి కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"మధ్యాహ్నం భోజనాలవేళకు యాప్ మూసుకుపోతుంది సార్" అంది టీచరు.

"జిల్లాలో మిగిలిన ఎర్రచుక్క ఇదొక్కటే" అన్నారు త్రివిక్రమరావు గారు నుదురు తుడుచుకుంటూ. "కాలయాపన వద్దు. సమాంతరంగా రెండో చర్య కూడా ప్రారంభించండి."

రెండో చర్య ఏమిటో నాకు అర్థం కాలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాను కదా, చెవులకే తెలిసింది. ముందు కెజియా చెప్పుల చప్పుడు. తర్వాత బస్సు మెట్టు మీద దాని చప్పుడు. తర్వాత ఇంజను స్టార్టయింది. ఆ ఇంజను చప్పుడులోంచి నా బిడ్డ గొంతు వినపడింది, ఏడుపు కాదు, మామూలుగానే. "అమ్మా, ఇక్కడ కిటికీకి ఊచల్లేవు."

ఊచల్లేవు.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. కళ్ళు తెరిచేటప్పటికి త్రివిక్రమరావు గారి మొహం నా మొహానికి బెత్తెడు దూరంలో ఉంది.

"దించండి నా బిడ్డని!" అన్నాను. అంత గొంతు నాకు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. "నాకు భయం సార్! ఆ బస్సంటే భయం. దానికి ఊచల్లేవు, పిల్ల తల బయటికి పెడుతుందని భయం. మీ హాస్టల్లో నీళ్ళ ట్యాంకుకు మూత ఉందో లేదోనని భయం. ఫ్యాను ఊడి పడుద్దని భయం. నిద్రలో అమ్మా అని పిలిస్తే పలికేవాళ్ళు ఉండరని భయం. మీ కార్డంటే భయం. మీరన్నా భయమే సార్, చచ్చేంత భయం! దించుతారా దించరా?"

వేలు ఎప్పుడు ఎత్తానో కూడా తెలియదు. త్రివిక్రమరావు గారు వెనక్కి అడుగేశారు. ఆయన వార్డెను గారికి తగిలారు. వార్డెను గారు రంగశాయి గారి చెయ్యి పట్టుకున్నారు. రంగశాయి గారు అప్పటికే నా కుర్చీ వెనక ఉన్నారు.

టిక్కుమని చప్పుడైంది. టీచరు కావాలని నొక్కిందో, వేలు తగిలి నొక్కుకుపోయిందో ఇప్పటికీ చెప్పదు.

పచ్చచుక్క పడింది. "వాక్యము సంపూర్ణము" అని వచ్చింది. యాప్ చూస్తుంది గాని వినదు.

నేను అదేమీ చూడలేదు. బస్సెక్కి కెజియాను దించుకున్నాను. దాని సంచి నేనే మోశాను. గేటు దాటాక రోడ్డు పక్కన కూలబడి చాలాసేపు కూచున్నాను. కెజియా నా పక్కన కూచుని, వచ్చే పోయే బళ్ళ నంబర్లు చదువుతూ ఉంది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అధికారులకు మాత్రం అవలేదు. పచ్చచుక్క కింద యాప్ ఒక ప్రశ్న వేసింది. "ఛాయాచిత్రమునందు భయపడుచున్న వ్యక్తులు ముగ్గురు కనబడుచున్నారు. పూర్తి వాక్యములో వివరణ ఇవ్వవలెను."

త్రివిక్రమరావు గారు పిల్లలకు ఆదర్శంగా ఉంటుందని తన చేత్తోనే పూర్తి వాక్యం రాశారు. "మేము ఆమెకు భయపడలేదు." కింద ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఎర్రచుక్క పడింది. నిరూపించమంది. నిరూపించకపోతే వ్రాసిన వారిని శిబిరానికి పంపమంది.

ఇదంతా టీచరు నాకు తర్వాత చెప్పింది. ఆ ఆదివారానికి నాకేమీ తెలియదు. చర్చి నుంచి వచ్చి, చీర ఒళ్ళో వేసుకుని కూచున్నాను. మా ఆయన బజారుకు పోయాడు. గోడ అవతల నుంచి నాగూర్‌బీ కేక వేసింది.

"సలోమక్కా! మీ ఇంటి ముందు జీపు! ముగ్గురు దిగారు, ముగ్గురూ ఇన్‌షర్టే!"

కిటికీలోంచి చూశాను. వాళ్ళే. నా బిడ్డ కోసం వచ్చారు, ఇంక దేనికొస్తారు? తలుపు గడియ పెట్టి, కెజియాను మంచం మీదికి తోసి ముందు నిలబడ్డాను.

"అమ్మా..." అని రంగశాయి గారి గొంతు. గేటు అవతల నుంచే. "మీకు ఇబ్బంది లేకపోతే..."

"నా బిడ్డను ఇవ్వను సార్!"

బయట కాసేపు గుసగుసలు. తర్వాత వార్డెను గారు, "బిడ్డ కోసం కాదమ్మా" అన్నారు. "మా కోసం. ఎదురుగా నిలబడి భయపడకుండా ఒక్క ఫోటో దిగి వెళ్ళిపోతాం. లేకపోతే మమ్మల్ని పంపించేస్తారు. అక్కడి భోజనం ఎట్టా ఉంటుందో నాకు తెలుసు."

"లోపలికి వెళ్ళండి రంగశాయి గారూ" అన్నారు త్రివిక్రమరావు గారు.

"తమరు ముందు వెళ్ళాలి సార్. హోదా ప్రకారం."

"హోదా ప్రకారం నేను దూరంగా ఉండాలి కదా?"

నేను కదల్లేదు. కెజియా మంచం దిగి, నన్ను పక్కకు జరిపి గడియ తీసింది. గేటు దాకా వెళ్ళి రంగశాయి గారి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ముగ్గురినీ గేటు లోపలికి రమ్మని వరసగా నిలబెట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వాళ్ళ ఎదురుగా నిలబెట్టింది. నేను పందిరి గుంజ పట్టుకున్నాను. రంగశాయి గారు వార్డెను గారి మోచెయ్యి పట్టుకున్నారు. త్రివిక్రమరావు గారు తన కార్డు తానే పట్టుకున్నారు. ఈ సారి నా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఇంతమంది ఇంటికొస్తే ఎవరు ఏం చేస్తారోనని మూసుకోవటానికి ధైర్యం చాల్లేదు.

కెజియా ఫోన్ ఎత్తింది. చూసింది. దించింది. ఇంకోసారి ఎత్తి, కన్ను చికిలించి చూసింది.

"నలుగురూ వణుకుతా ఉంటే ఎట్టా? ఫోటో మసగ్గా వస్తంది" అంది. "ఎవరో ఒకరు ముందు భయపడటం ఆపండి."